మూడు తొమ్మిదుల మనిషి

మా ఆఫీసులో ఆవిడని అసలు పేరుతో పిలిచేది జీతాల విభాగంవాళ్లు ఒక్కళ్లే. మిగతా అందరికీ ఆవిడ ‘ఒకవేళ అక్క’. మేం రాసిన సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించి తప్పులు పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. ఏది చేసి చూపించినా ముందు కళ్లద్దాలు పైకి జరుపుకునేది, తర్వాత "ఒకవేళ..." అని మొదలుపెట్టేది. ఒకవేళ కరెంటు పోతే? ఒకవేళ ఆ మనిషికి చదువు రాకపోతే? ఒకవేళ రెండు బటన్లూ కలిపి నొక్కేస్తే? ఆ మాట చెవిన పడగానే నాకు ఒళ్లు మండేది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, దాచుకోవడం ఎందుకు? ఓసారి ఉండబట్టలేక అరిచాను.

"అక్కా, ఒకవేళ ఆకాశం ఊడి నెత్తిన పడితే?"

"పడనీ తమ్ముడూ. పడినప్పుడు మన పెట్టె మోగుతుందా లేదా, అది చెప్పు."

ఆవిడ ఈ పనిలోకి నలభై నాలుగో ఏట వచ్చింది. అంతకుముందు పంతొమ్మిదేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటరు. మనుషులు ప్లగ్గులు పెట్టి లైన్లు కలిపే పని యంత్రాల పాలయ్యాక ఆ గదిలో కుర్చీలన్నీ తీసేశారు. తోటివాళ్లు ఇంటిపట్టున ఉండిపోతే ఈవిడ సాయంత్రం క్లాసులో చేరి, తన కూతురి వయసు పిల్లల పక్కన కూర్చుని టెస్టింగు నేర్చుకుంది. కూతురు బట్టలు కుట్టే షాపు నడిపేది. షాపు పైన రెండు గదుల్లో అక్కా, ఆవిడ భర్తా ఉండేవారు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. ఎడమ చెవి వినబడదు. "ఒక చెవి ఇంజను తినేసింది బాబూ, రెండోదాని మీద మీ అక్కకి పూర్తి హక్కులు" అనేవాడు.

నేను ఒక్కసారే వాళ్లింటికి వెళ్లాను. మెట్లెక్కి చూద్దును కదా, అక్క ఫ్రిజ్ తలుపు తెరిచి మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టి నిలబడి ఉంది. చేతికి ఒకదాని మీద ఒకటి రెండు గ్లవుజులు, గుప్పిట్లో మేం తయారుచేసే పెట్టె.

"అరగంటనుంచి దానికి జ్వరం చూస్తోంది" అన్నాడు ఆయన పేపరు తిరగేస్తూ.

అక్క నవ్వలేదు. "చలికి వేళ్లు మొద్దుబారాక బటన్ నొక్కితే నొక్కినట్టు తెలియట్లేదు తమ్ముడూ. రాసుకో" అంది. రాసుకున్నాను, తిట్టుకుంటూ.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది, నడుముకి తగిలించుకునేది. గోదాముల్లో, బాయిలర్ల దగ్గర, చలిగదుల్లో ఒంటరిగా పనిచేసేవాళ్ల కోసం తయారుచేశాం. అరగంటకోసారి అది నడుం దగ్గర వణుకుతుంది. మనిషి ఆకుపచ్చ బటన్ నొక్కాలి. ‘బాగున్నాను’ అని దాని అర్థం. నిమిషంలోగా నొక్కకపోయినా, ఆపద వచ్చి ఎర్ర బటన్ నొక్కినా, అక్కడి సూపర్‌వైజరు తెరమీదా మా ఆఫీసులోనూ సైరన్ మోగుతుంది. ఎవరో ఒకరు పరిగెత్తాలి. అంతే వస్తువు. దాని వెనకాల నడిచే కోడు నాది.

మా మేనేజరుని ‘రెండువారాలాయన’ అనేవాళ్లం. పూర్వంలా మొత్తం బొమ్మ గీసుకుని ఏళ్లతరబడి కట్టుకుంటూ కూర్చునే రోజులు కావివి, రెండు వారాలకి ఓ ముక్క చెయ్యి, వాడేవాడికి చూపించు, వాడు మొహం చిట్లిస్తే సరిదిద్దు, మళ్లీ రెండు వారాలు: ఇదీ ఆయన పద్ధతి. పద్ధతి మంచిదే, నేనూ దానికే అలవాటు పడ్డాను. "ఆలస్యం అమృతం విషం" అని ఆయన మొదలెడితే, "నిదానమే ప్రధానం" అని అక్క అందుకునేది. ఈ రెండు సామెతల మధ్య మూడేళ్లు నలిగాను.

ఆ పద్ధతిలో ఒక ఆచారం ఉంది. వస్తువు ఎవరికోసం చేస్తున్నామో ఆ మనిషిని ముందు ఊహించి, ఒక కార్డు మీద రాసి గోడకి అంటించాలి. ప్రతి మీటింగులో అతనికి ఒక ఖాళీ కుర్చీ వెయ్యాలి. అతని తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. మా ఊహామనిషికి నేను పెట్టిన పేరు ‘శొంఠికొమ్ము’. ఒంటరిగా పనిచేసేవాడు, ఒంటికాయ శొంఠికొమ్ము కదా అని. కార్డు మీద తలా ఒక మాట చెప్పాం: వయసు యాభై రెండు, చలిగదిలో పని, పెద్దగా మాట్లాడడు, ఎవరికీ ఇబ్బంది కలిగించకూడదనుకునే రకం. చివర అక్క వచ్చి పెన్సిలుతో ఒక వాక్యం చేర్చింది: కుడిచేతికి చిటికెన వేలూ, పక్క వేలూ లేవు.

"పాపం, ఊహల్లో మనిషినైనా వదలవా అక్కా! వేళ్లెందుకు తీసేశావు?"

"వేళ్లన్నీ ఉన్నవాడు ఎలాగైనా నొక్కుతాడు. లేనివాడు నొక్కగలిగితే మన బటన్ బాగున్నట్టు."

అతనికి కంప్యూటర్లో ఒక ఖాతా తెరిచాం. నంబరు మూడు తొమ్మిదులు. అక్క బల్ల మీద ఆ నంబరు కాగితం అంటించిన పెట్టెలు రెండు ఉండేవి. రోజంతా అతనిలా నటిస్తూ ఆవిడ వాటిని నొక్కడం, నొక్కకుండా ఉండటం, ఎర్రది నొక్కడం. రోజుకి నలభైసార్లు సైరన్ మోగేది. తల వాచిపోయి ఒకరోజు ఒక లైను రాశాను: మూడు తొమ్మిదుల ఖాతానుంచి ఏ ఆపద కబురు వచ్చినా సైరన్ మోగించవద్దు, ఎవరి తెరమీదా చూపించవద్దు, వచ్చిన కబుర్లన్నీ నమోదయ్యే నా లాగ్‌లో మాత్రం బూడిదరంగులో ఒక వరస రాసిపెట్టు. ఆ ఖాతానుంచి ఏ కబురు వచ్చినా, ‘బాగున్నాను’ అన్నా సరే, ఎక్కడినుంచి వచ్చిందో రాయనక్కర్లేదన్నాను, టెస్ట్ ఖాతాయేగా. రెండు రోజుల కోసం రాసిన లైను అది. ఆ రెండు రోజులు ఎప్పటికీ పూర్తికాలేదు.

మొదటి ప్రయోగానికి ఒక చలిగిడ్డంగి కంపెనీ ఒప్పుకుంది. నలభై పెట్టెలు పంపించాం. ఆ వారమే అక్క బల్ల మీద రెండింట్లో ఒక పెట్టె కనబడకుండా పోయింది. మూడు రోజులు సొరుగులన్నీ వెతికి, చివరికి తప్పుల పట్టికలో కూడా ఎక్కించింది: టెస్ట్ పెట్టె ఒకటి లేదు. నేను పక్కన ‘ముఖ్యం కాదు’ అని రాసి మూసేశాను. "ఇంకోటుందిగా అక్కా, దానికోసం ఊరంతా దండోరా వెయ్యాలా?" అన్నాను.

తర్వాతి సోమవారం పొద్దున అక్క నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"తమ్ముడూ, శొంఠికొమ్ము ఖాతా నువ్వు ముట్టుకున్నావా?"

"లేదే."

"నేనూ ముట్టుకోలేదు. పొద్దున ఆరింటినుంచి అరగంటకోసారి ‘బాగున్నాను’ అంటున్నాడు."

లాగ్ తెరిచి చూశాను. నిజమే. ఆరు, ఆరున్నర, ఏడు. పెట్టె వణికిన నాలుగు సెకన్లలోపు జవాబు. అక్క దగ్గరున్న పెట్టె ఆపేసి సొరుగులో ఉంది. నాకేం వింత అనిపించలేదు. నెల కిందట ఒకేసారి వందలమంది నొక్కితే సర్వరు తట్టుకుంటుందా అని చూడటానికి దొంగ నొక్కుళ్లు పంపే స్క్రిప్టు ఒకటి రాశాను. అది ఎక్కడో ఏ మెషీన్లోనో ఇంకా నడుస్తోందనుకున్నాను. "తీరిక దొరికితే వెతికి ఆపుతాలే" అన్నాను. తీరిక దొరకలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఆ ఖాతా ఆగిపోయేది. మర్నాడు ఆరింటికి మళ్లీ మొదలు. ఆదివారాలు ఉండేది కాదు. పది గంటలది మాత్రం రోజూ కాస్త ఆలస్యం, పది సెకన్లో పదిహేను సెకన్లో.

"టీ తాగుతున్నాడేమో. చేతిలో కప్పుంటుంది" అంది అక్క.

మీటింగు గదిలో అందరం పగలబడి నవ్వాం. నవ్వాక ఎందుకో అందరి చూపులూ ఖాళీ కుర్చీ మీద పడ్డాయి. అంతవరకూ ఆ కుర్చీలో బ్యాగులు పెట్టేవాళ్లం. ఆ రోజునుంచి ఎవరూ పెట్టలేదు. ఏసీ గాలికి అది ఒక్కోసారి కొద్దిగా పక్కకి తిరిగేది. రెండువారాలాయన దాన్ని కాలితో ఆపి మాట్లాడటం కొనసాగించేవాడు.

"ఒకవేళ నిజంగా మనిషైతే?" అని అక్క అడగని రోజు లేదు. చెవిలో జోరీగలా అదే మాట. "ఏ మనిషి అక్కా? వాణ్ణి పుట్టించింది మనమే కదా! పేరు పెట్టింది నేను, వేళ్లు నరికింది నువ్వు!" అనేవాణ్ణి. ఆవిడ వెళ్లి తన బల్ల దగ్గర కూర్చుని, అతను నొక్కే వేళలు ఒక నోటుపుస్తకంలో రాసుకునేది. మా ఆఫీసులో కాగితం మీద రాసే మనిషి ఆవిడ ఒక్కతే.

ఒకరోజు భోజనాల దగ్గర అడిగాను, ఎందుకింత పట్టుదల అని.

"ఎక్స్‌ఛేంజ్‌లో ఉండగా, పట్టపగలు ఒక లైటు వెలిగింది. ప్లగ్గు పెట్టి ఏ నంబరు కావాలని అడిగా. పలకలేదు. మూడుసార్లు అడగాలి, పలక్కపోతే తీసెయ్యాలి, అదీ మా రూలు. ఊపిరి వినబడుతూనే ఉంది తమ్ముడూ. మూడుసార్లు అడిగా, తీసేశా. మళ్లీ ఆ లైటు వెలగలేదు."

"ఎవరు?"

"అదేగా! ఇప్పటికీ తెలీదు. నాలుగోసారి అడిగి ఉండాల్సింది."

నేను పెరుగు డబ్బా మూత పెట్టి లేచిపోయాను. పాతకాలంవాళ్లకి ప్రతిదానికీ ఒక కథ ఉంటుందనుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఒక గురువారం అక్క కంటి డాక్టరు దగ్గరికని సెలవు పెట్టింది. పదకొండూ నలభైకి నా లాగ్‌లో ఒక బూడిదరంగు వరస వచ్చింది. మూడు తొమ్మిదులు, ఎర్ర బటన్. సైరన్ మోగలేదు, మోగకుండా చేసింది నేనే కదా. కాసేపటికి ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. ఒంటిగంటా నలభై వరకూ, రెండు గంటల్లో పదిహేడు. వచ్చిన ప్రతి కబురునీ ఎవరో ఒకరు కారణం రాసి మూసెయ్యాలని మా నియమం. సాయంత్రానికి పట్టిక ఖాళీగా కనబడాలి. పదిహేడింటినీ ఒకేసారి ఎంచుకుని, కారణం అన్నచోట ‘దయ్యం’ అని కొట్టి మూసేశాను. పక్కవాళ్లని పిలిచి చూపించాను కూడా. అందరూ నవ్వారు. రెండువారాలాయన భుజం తట్టాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి మూడు తొమ్మిదులు పలకలేదు. ఆ మర్నాడూ లేదు. "దయ్యం వదిలింది" అన్నాను. అక్క ఆ గురువారం వరసలు చూసి, నేను రాసిన కారణం చదివి, నా వంక చూసింది. ఏదైనా అంటే తిరిగి అరుద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆ పదిహేడు వేళలూ నోటుపుస్తకంలో ఎక్కించుకుని వెళ్లిపోయింది.

ఇరవై నాలుగు రోజులు ఆ ఖాతా కిమ్మనలేదు. ఇరవై ఐదో రోజు, సోమవారం, పొద్దున ఆరింటికి మళ్లీ ‘బాగున్నాను’ అంది.

ఆ వారమంతా మాకు ఊపిరాడని పని. పన్నెండు కంపెనీలకి ఆరువందల పెట్టెలు వచ్చే సోమవారం బయల్దేరాలి. పెద్దవాళ్లందరూ వచ్చి రిబ్బను కత్తిరిస్తారు. గురువారం ఉదయం మీటింగులో అక్క నోటుపుస్తకం పట్టుకుని లేచి నిలబడింది.

"లాంచ్ ఆపాలి."

రెండువారాలాయన కళ్లు మూసుకుని తెరిచాడు. "అక్కా, శుభమా అని బయల్దేరుతుంటే పుల్ల వెయ్యకండి."

"మూడు తొమ్మిదులు మళ్లీ పలుకుతున్నాడు. కానీ ఇదివరకట్లా కాదు. అప్పుడు నాలుగు సెకన్లలో నొక్కేవాడు. ఇప్పుడు నలభై, యాభై పడుతోంది. నొక్కితే ఇదివరకు చటుక్కున వదిలేవాడు, ఇప్పుడు బటన్ మీద చెయ్యి అలాగే ఉంటోంది. స్క్రిప్టుకి చేతులుంటాయా? ఇతని కుడిచేతికేదో అయింది. ఎడం చేత్తో, తడుముకుని నొక్కుతున్నాడు."

ఎవరూ నవ్వలేదు. నా చూపు దానంతటదే గోడమీది కార్డు వైపు పోయింది. చివరి వాక్యం, పెన్సిలు రాత, అక్కడే ఉంది. పట్టపగలు, పదిమంది మధ్య, నా వెన్నులోంచి చలి పాకింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. అదే వచ్చింది.

"నీకు చాదస్తం ముదిరింది అక్కా! కార్డు రాసింది నువ్వే, ఇప్పుడు ఆ కార్డు చదివి నిజమంటున్నదీ నువ్వే. రిటైరయ్యే వయసులో ఇదేం పిచ్చి? మా అందరి కష్టం మీద నీళ్లు పోస్తావా?"

అన్నాను, అందరి ముందూ అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అయినా గొంతు పెంచలేదు.

"పిచ్చయితే ఇప్పుడే తేలిపోతుంది. ఎక్స్‌ఛేంజ్‌లో లైనుమీద అనుమానం వస్తే మేం అవతలికి తిరిగి గంట కొట్టేవాళ్లం. పలికితే మనిషి, లేకపోతే తీగ. రండి."

ఆవిడ బల్ల చుట్టూ చేరాం. ఏ పెట్టెనైనా ఇక్కడినుంచే వణికించే ఏర్పాటు టెస్టర్లకి ఉంటుంది. టైము పదకొండూ పన్నెండు. అరగంట వేళ కాదు, ఏ పెట్టే వణకాల్సిన సమయం కాదు. అక్క మూడు తొమ్మిదులు ఎంచుకుని మూడుసార్లు నొక్కింది. ఒకటి, రెండు, మూడు.

చూస్తూ నిలబడ్డాం. తెరమీద ఏమీ రాలేదు. ఇరవై సెకన్లు. నలభై. రెండువారాలాయన "సరే, ఇక..." అని మొదలుపెట్టాడు.

ఆకుపచ్చ వరస ఒకటి వచ్చింది. కాస్త ఆగి ఇంకొకటి. ఇంకా ఆగి మూడోది. తర్వాత ఆగిపోయింది.

పక్కనున్న అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్క ఎవరివైపూ చూడకుండా మళ్లీ నొక్కింది, ఈసారి ఐదు. నిమిషం దాటింది. ఐదు ఆకుపచ్చ వరసలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. ఐదుకి ఐదు.

"మనిషి" అంది అక్క చాలా నెమ్మదిగా. "పలికాడు."

నేను పరిగెత్తి నా బల్ల దగ్గరికి వెళ్లి ఆ లైను తీసేశాను. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టాను. ఎవరినీ అడగలేదు, రెండు వారాలు ఆగలేదు, అప్పటికప్పుడు ఎక్కించేశాను. పదకొండున్నరకి మూడు తొమ్మిదులనుంచి ‘బాగున్నాను’ వచ్చింది. ఈసారి పక్కన చోటు కూడా వచ్చింది: మేం నలభై పెట్టెలు పంపిన చలిగిడ్డంగి, రెండో షెడ్డు, నాలుగో గది.

అక్క అక్కడి సూపర్‌వైజరుకి ఫోను చేసి స్పీకర్లో పెట్టింది. నాలుగో గది దగ్గర ఎవరున్నారని అడిగితే, పాత మనిషేనండీ, ఇబ్బందేం లేదు అన్నాడతను.

"అతని కుడిచేతికేమైంది?" అంది అక్క.

అవతల ఏదో తలుపు మూసిన చప్పుడైంది.

"మీకెవరు చెప్పారు?" అన్నాడు సూపర్‌వైజరు.

గంటన్నరలో అక్కడున్నాం, అక్కా, నేనూ. దారిలో ఆవిడ నోటుపుస్తకం తిరగేస్తూ కూర్చుంది. క్షమించమని అడుగుదామని నేను నాలుగుసార్లు నోరు తెరిచి, ఇంకెంత దూరమో చెప్పి ఊరుకున్నాను. షెడ్డులోకి అడుగుపెడితే ఎండాకాలంలోనూ ఊపిరి పొగలా కనిపించింది. రెండడుగుల మందం ఉన్న తలుపులు వరసగా, వాటి మీద నంబర్లు. నాలుగో తలుపు ముందు స్టూలు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. సన్నగా, తల నెరిసి, వయసు యాభై పైన. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. నడుముకి కుడివైపు మా పెట్టె ఉంది. దాని అడుగున సగం చిరిగిన కాగితం మీద అక్క చేతిరాతలో మూడు తొమ్మిదులు. మా సామాను కట్టే ఆయన లెక్కకి ఒకటి తక్కువైందని అక్క బల్ల మీదది తీసి నలభై చేశాడని తర్వాత తేలింది.

అతని కుడిచెయ్యి కట్టులో ఉంది. చిటికెన వేలూ, పక్క వేలూ ఉండాల్సిన చోట కట్టు చదునుగా ఉంది. నేను తల తిప్పుకున్నాను.

"ఏం జరిగిందన్నా?" అంది అక్క.

"నాలుగో గదిలో తలుపు గడియ బిగుసుకుపోయిందమ్మా. లోపల ఉండిపోయాను. గ్లవుజుతో గడియ పట్టు దొరక్క తీసేసి లాగాను. ఇనుము కదా, చెయ్యి అంటుకుపోయింది. ఎర్రది నొక్కాను. నొక్కితే వస్తారని మొదటిరోజు చెప్పారుగా. వస్తున్నారు, దారిలో ఉండుంటారు అనుకుంటూ మళ్లీ మళ్లీ నొక్కాను. రెండు గంటలు గడిచాక, తర్వాతి షిఫ్టతను వచ్చి తలుపు తీశాడు."

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. "మా తెరమీద ఎర్రది రాలేదండీ. అతను నొక్కలేదు, కంగారులో మర్చిపోయుంటాడని రాశాం. గ్లవుజు తీయడం కూడా అతని పొరపాటే కదా."

"నొక్కానంటే నమ్మలేదమ్మా" అన్నాడు అతను, ఫిర్యాదులా కాదు, జరిగింది చెబుతున్నట్టు. "ఇంట్లో మా ఆవిడ కూడా, నిజంగా నొక్కావా అంది. ఏమో, నాకే అనుమానం వచ్చింది."

"మరి ఇప్పటికీ ఎందుకు నొక్కుతున్నావన్నా?"

"ఎవరో ఒకరు చూస్తుంటారు కదా అని. ఇందాక ఇది వేళకాని వేళ వణికింది. మూడుసార్లు, తర్వాత ఐదుసార్లు. ఎవరో పిలిచినట్టనిపించింది. నేనూ అన్నిసార్లు పలికాను." అని కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

అక్క నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడానికి నాకు ఇంకెవరూ ఏమీ అనక్కర్లేదు. కావాలంటే నోరు మూసుకుని వచ్చేయొచ్చు, తిలా పాపం తలా పిడికెడు అని సర్దుకోవచ్చు. కానీ ఆ కట్టు నా ముందే ఉంది.

"నొక్కారు. పదిహేడుసార్లు నొక్కారు. పదకొండూ నలభైనుంచి. నేను చూశాను" అన్నాను.

అతని మొహం వెలిగిపోయింది. అది నేను చచ్చేదాకా మర్చిపోలేను. కోపం రాలేదతనికి. సూపర్‌వైజరు వైపు గబుక్కున తిరిగి, "విన్నారా అండీ? నొక్కాను! చూశారట! నేను చెప్పలే!" అన్నాడు. మూడు వేళ్ల చెయ్యి ఎత్తి మరీ అన్నాడు. ఆ తర్వాత ఆ వెలుగు మెల్లగా తగ్గింది. నావైపు తిరిగాడు.

"మరి ఎందుకు రాలేదు బాబూ?"

నిజం తప్ప చెప్పడానికి నా దగ్గర ఇంకేం లేదు.

"మీరు లేరనుకున్నాం" అన్నాను.

అప్పుడే పెట్టె వణికినట్టుంది, అతను అలవాటుగా ఎడమ చేతిని పొట్ట మీదుగా కుడివైపుకి తెచ్చి, తడుముకుని, ఆకుపచ్చ బటన్ నొక్కాడు.

లాంచ్ ఆరు వారాలు వెనక్కి పోయింది. ఆరువందల పెట్టెల్నీ ఒక్కొక్కటే చేత్తో లెక్కపెట్టి నంబరు సరిచూశారు, అక్క పక్కన కూర్చుని. రెండువారాలాయన నోరెత్తలేదు. అతనిది పొరపాటని రాసిన కాగితాన్ని కొట్టివేయించడానికి నేను అన్నీ రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం మీద నా ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు. పోయి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో. కార్డు చింపేద్దామని గోడ దగ్గరికి వెళితే అప్పటికే అక్క అక్కడ నిలబడి ఉంది, చివరి వాక్యాన్ని రబ్బరుతో చెరుపుతూ. పెన్సిలు రాత పోయింది కానీ కాగితం మీద నొక్కు పోలేదు. ఆవిడ ఇంకా రుద్దుతూనే ఉంది, కాగితం చిరిగేదాకా.

ఆ మరుసటి ఏడు అక్క రిటైరైంది. ఆఖరిరోజు బల్ల సర్దుకుంటుంటే పక్కన నిలబడి, ఎన్నాళ్లుగానో అడగలేకపోతున్నది అడిగాను. పాత లాగ్‌లో ఆ పదిహేడు వరసలూ ఇంకా ఉన్నాయి. మూసినవారు అన్నచోట నా పేరు, కారణం అన్నచోట ఆ ఒక్క మాట. చెరిపే అధికారం ఆఫీసు మొత్తానికి ఆవిడ ఒక్కదానికే ఉంది, ఇంకో గంటలో అదీ పోతుంది.

"అది తీసేసి వెళ్తావా అక్కా?"

ఆవిడ కళ్లద్దాలు పైకి జరుపుకుంది. నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఉండనీ తమ్ముడూ. ఒకవేళ ఆయన మళ్లీ ఎవరికైనా రుజువు చూపించాల్సి వస్తే?"